పడగొట్టే ముందు ఒక్కసారి మా ఇంటికి రండి

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో పాత మిద్దెలున్న యజమానులకు, ఊరు విడిచి వెళ్లినా ఆ ఇళ్ల దస్తావేజులు బీరువాలో భద్రంగా దాచుకున్న వారసులకు,

నమస్కారం.

మీలో చాలామంది నాకు ముఖపరిచయం. కొందరు చిన్నప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవారే. మర్యాదకు ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి, కూర్చుని మాట్లాడవలసిన విషయం ఇది. కానీ గడిచిన రెండేళ్లలో మా వీధిలోనే మూడు ఇళ్లు నేలమట్టమయ్యాయి. నాలుగో ఇంటి ముందు మొన్న ఉదయం జేసీబీ వచ్చి ఆగింది. ఇంటింటికీ తిరిగేంత వ్యవధి లేదని తోచి అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. ఇల్లు పడగొట్టాలని సంతకం పెట్టే ముందు మా ఇల్లు చూడండి. అది కూడా పడగొట్టాలని తీర్మానించుకున్న ఇల్లే.

మా ముత్తాతగారు ఈ ఇంటిని 1908లో కొన్నారు. ఆ దస్తావేజు మడతల దగ్గర చిరిగిపోతే వెనక పలుచని గుడ్డ అతికించి దాచారు. అందులో మన ఊరి చిరునామా ‘ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా, తిరుపతి’ అని ఉంటుంది. చిత్తూరు జిల్లా అప్పటికి పుట్టలేదు. అది 1911లో ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వచ్చింది. ఉన్నచోటి నుంచి అంగుళం కదలకుండా మా గడప మూడు జిల్లాలు చూసింది. మీ బీరువాల్లోని కాగితాలు కూడా ఒకసారి తీసి చదవండి. సరిహద్దుల దగ్గర తూర్పున ఎవరి ఇల్లు, పడమట ఎవరి పెరడు అని రాసి ఉంటుంది. ఆ పేర్లలో సగం ఈ ఉత్తరం చదువుతున్నవారి పెద్దలవే అయి ఉంటాయి.

2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించారు. మన వీధుల్లో మోకాళ్ల లోతు నీళ్లు. ఆ వారంలోనే మా పడసాల గోడ పూత పలకలు పలకలుగా ఊడి పడింది. వెనక గది మిద్దె మూడు చోట్ల కారింది. మిద్దెను మోసే రెండు దంతెల కొనలు చెదపట్టి గుల్లయి, కిందికి వంగాయి. ఇంజినీరు ఒకరు వచ్చి పది నిమిషాలు చూశారు. గోడమీద అరచేత్తో రెండుసార్లు తట్టి, “ఇది అయిపోయిందమ్మా, వచ్చే వానాకాలం దాకా ఆగకండి” అన్నారు. మా తమ్ముళ్లిద్దరూ ఫోనులో సరేనన్నారు. బెంగళూరులో ఉన్న మా పినతండ్రి కూతురు కూడా సరేనంది. కింద దుకాణాలు, పైన నాలుగు అంతస్తుల లాడ్జి గదులు. బిల్డరు గీసిన బొమ్మ మా భోజనాల బల్లమీద నెల రోజులు ఉంది.

ఆ నెలలోనే మా మనవడిని చంద్రగిరి కోటకు తీసుకెళ్లాను. రాజమహల్ ముందు నిలబడి, ఈ మూడంతస్తుల మేడను కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారని వాడికి చెబుతున్నాను. చెబుతూ ఉండగానే నాకు అనుమానం వచ్చింది. విజయనగర రాజుల నాటి సున్నం అక్కడ నిలబడి ఉంటే, నూరేళ్లు దాటిన మా ఇంటి సున్నం మాత్రం ఎందుకు రాలిపోయింది? ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా ఇల్లు కూల్చడానికి మనసు ఒప్పలేదు.

జవాబు చెప్పింది ఒక మేస్త్రి. డెబ్బై దాటిన మనిషి. చిన్నతనం నుంచి తండ్రి వెంట గుళ్ల మరమ్మతు పనులకు తిరిగినవారు. మా గోడ కింద రాలి ఉన్న పలకను చేతిలోకి తీసుకుని తిప్పి చూపించారు. ముందువైపు బూడిద రంగు, గట్టిగా ఉంది. వెనకవైపు తెల్లని పొడి, వేలితో రాస్తే ఉప్పులా చేతికి అంటుకుంది.

“రాలింది సున్నం కాదమ్మా, సిమెంటు” అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. మా చెల్లెలి పెళ్లికి ముందు నాన్నగారు ఇల్లంతా బాగుచేయించారు. పాత సున్నపు పూతమీద సిమెంటు పూయించారు, మిద్దెమీద కూడా సిమెంటు పోయించారు. ఇల్లు పదికాలాలపాటు నిలవాలనే చేయించారు, పాపం. అప్పట్లో అందరూ అదే చేశారు. మీ ఇళ్లలోనూ ఆ పూత ఉండే ఉంటుంది.

మేస్త్రి చెప్పింది మీకూ చెప్పాలి, ఎందుకంటే నేను ఇంత దూరం రాస్తున్నది ఈ ఒక్క సంగతి కోసమే. మన పాత గోడలు పునాదిలోంచి చెమ్మను పీలుస్తాయి. సున్నపు పూతలోంచి ఆ చెమ్మ బయటికి ఆరిపోతుంది. ఏడాదంతా ఈ పీల్చడం, ఆరడం జరుగుతూనే ఉంటుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మకు బయటికి దారి ఉండదు. గోడలోనే పైపైకి పాకుతుంది. దానితో వచ్చిన ఉప్పు ఇటుకకూ పూతకూ మధ్య పేరుకుని ఇటుకను పొడి చేస్తుంది. ఒకరోజు పూత మొత్తం ఊడిపడుతుంది. మిద్దెమీద కూడా అంతే. మన ఎండకు సిమెంటు బీటలు వారుతుంది, ఆ బీటలోంచి దిగిన వాన నీరు మళ్లీ పైకి రాలేదు. నెలల తరబడి దంతెల కొనల దగ్గర, గోడలో దూరిన చోట, నిలిచి ఉంటుంది. చెద వచ్చేది ఆ తడి కోసమే. ఇల్లు ముసలిదై కూలిపోతోందని మనం అనుకుంటున్నాం. నిజానికి దాని ఒంటికి పడని మందు వేశాం.

తర్వాత ఆయన చేసిన పని చూసి నాకు ధైర్యం వచ్చింది. గోడలో నిలువుగా ఉన్న పెద్ద బీటకు అడ్డంగా అగ్గిపెట్టె అంత గాజు ముక్కలు మూడు చోట్ల అతికించారు. గోడ ఇంకా కదులుతూ ఉంటే గాజు పగులుతుంది, చూద్దాం అన్నారు. నాలుగు మూలలా తూకపు గుండు వేలాడదీసి నిలువు చూశారు. ఒక వానాకాలం గడిచింది. గాజు పగలలేదు. ఆ బీట ఎప్పుడో నా చిన్నప్పుడే ఆగిపోయిన బీట. మూడు గాజు ముక్కల్లో ఒకదాన్ని ఇప్పటికీ అలాగే ఉంచాం, వచ్చినప్పుడు చూపిస్తాను. పెచ్చులూడిన గోడ వేరు, కూలబోయే గోడ వేరు. ఆ తేడా పది నిమిషాల్లో తేలేది కాదు. ‘శిథిలావస్థ’ అన్న మాట మీ ఇంటి గురించి ఎవరైనా అంటే, ఏ గోడకు తూకపు గుండు వేసి చూశారో దయచేసి అడగండి.

పని మూడేళ్లు పట్టింది. మొదటి వేసవి మొత్తం సిమెంటు చెక్కడంతోనే సరిపోయింది. పెద్ద సుత్తి వాడితే లోపలి ఇటుక దెబ్బతింటుందని చిన్న ఉలులతో చెక్కారు. గోడలు ఆరడానికి నెలల తరబడి పూత లేకుండా వదిలేశాం. ఆ రోజుల్లో వీధిలో వెళ్లేవారు లోపలికి తొంగిచూసి, జాలిపడి వెళ్లేవారు.

పెరట్లో గుంత తవ్వి ముడి సున్నం పోసి నీళ్లు వదిలారు. అది బుసబుసమని పొంగి, ఉడికి, ఆవిరి లేచింది. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. చల్లారిన తర్వాత నీళ్ల కింద వెన్నలా పేరుకున్న సున్నాన్ని నెలకు పైగా నాననిచ్చారు. పక్కన రెండు డ్రమ్ముల్లో దంచిన కరక్కాయ, బెల్లం నానబెట్టారు. ఆ నీళ్లు పులిసే కొద్దీ వాసన వీధి చివరిదాకా వెళ్లింది. ఎదురింటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కోపంగా వచ్చింది. మేస్త్రి ఆమెను గుంత దగ్గరికి తీసుకెళ్లి, తాపీమీద కాస్త సున్నం తీసుకుని తలకిందులుగా తిప్పి పట్టుకున్నారు. సున్నం జారలేదు. “ఇలా పట్టుకుంటే పాకం వచ్చినట్టు” అన్నారు. ఆమె అరగంట అక్కడే నిలబడిపోయింది. మరునాడు అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇల్లు ఇరుగుపొరుగుకు చూపించాలన్న ఆలోచన నాకు అంతకుముందు లేదు. ఆ అత్తాకోడళ్ల వల్లే వచ్చింది.

ఆ మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతున్నప్పుడు మా గుంత నిండా సున్నం ఉంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలన్నీ అయ్యాక సున్నపు కుండల వేషం వస్తుందని మన పిల్లలందరికీ తెలుసు. అయితే ఆ కుండల్లోని సున్నానికీ మనం ఉండే గోడలకూ సంబంధం ఉందని వాళ్లకు చెప్పేవారు లేరు. మా పెరట్లోకి వచ్చిన పిల్లలు గుంత చూసి, “ఇదేనా అవ్వా ఆ సున్నం?” అని అడిగారు. ఇదే నాయనా అన్నాను.

మిద్దె పని గురించి కూడా రాయాలి. దంతెలమీద సన్నటి చిన్న ఇటుకలను నిలువంచున, ఏటవాలు వరుసలుగా సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి కొట్టడం పాత పద్ధతి. కొట్టడమంటే సమ్మెట దెబ్బలు కాదు. ఆరుగురు ఆడవాళ్లు వరుసగా గొంతుక్కూర్చుని, చేతిలో ఇమిడే చెక్కలతో, కరక్కాయ నీళ్లు చిలకరిస్తూ, రోజుల తరబడి తట్టారు. చెక్క తగిలిన చోట గుంట పడనంతగా గట్టిపడేదాకా తట్టారు. వారిలో పెద్దావిడకు తప్ప మిగిలినవారికి ఈ పని కొత్త. మూడో రోజుకు అందరి చేతులూ ఒక్క తాళంలో పడ్డాయి. ఆ చప్పుడు కింద పడసాలలో కూర్చుని వింటుంటే, మా నాయనమ్మ కాలంలో ఈ ఇల్లు ఎలా వినిపించేదో తెలిసినట్టు అనిపించింది.

చెదపట్టిన రెండు దంతెలను తీసేయక తప్పలేదు. వాటి స్థానంలో వేయడానికి పాత టేకు కోసం పాత కలప అమ్మే డిపోలు తిరిగాను. కొలతకు సరిపోయినవి దొరికాయి. అవి ఎక్కడివని అడిగితే అమ్మేవాడు మన పక్క వీధి పేరు చెప్పాడు. కాబట్టి మా వెనక గది కప్పును ఇప్పుడు మోస్తున్నవి మీ ఇళ్లలో ఒకదాని దంతెలే. వాటిమీద పాత మేకుల గుర్తులు, ఒకచోట ఉయ్యాల గొలుసు ఒరిసిన గాడి ఉన్నాయి. ఏ ఇంటి పిల్లలు ఊగారో నాకు తెలియదు. మీకు తెలుస్తుందేమో వచ్చి చూడండి. ఆ కలప ఇంకో నూరేళ్లు మోయగల కలప. దాన్ని తూకానికి అమ్మేశారు.

పని అయిపోయిన ఏడాది నవంబరులో, ప్రపంచ వారసత్వ వారం రోజుల్లో ఒక ఆదివారం, తలుపులు రెండూ బార్లా తెరిచి అందరినీ పిలిచాను. టీ, మిరపకాయ బజ్జీలు తప్ప మరే ఏర్పాటూ లేదు. ఉదయం నుంచి ముసురు పట్టింది, ఎవరూ రారనుకున్నాను. సాయంత్రానికి అరుగుమీద చెప్పులు పట్టలేదు.

వచ్చినవారు నేను చూపించాలనుకున్నవి చూడలేదు, వాళ్లకు కావలసినవి చూసుకున్నారు. దేవుడి గది పక్కన దీపపు గూడు ఉంది. నూరేళ్ల మసి దాని నిండా ఉంది. సున్నం కొట్టేటప్పుడు దాన్ని ముట్టుకోనివ్వలేదు. చాలామంది చెయ్యి లోపల పెట్టి, వేలికి అంటిన మసి చూసుకుని, మాట్లాడకుండా పక్కకు జరిగారు. పడసాల గోడలో ఒక మూర వెడల్పున పాత సిమెంటు పూతను కావాలనే వదిలేశాం. దాని పక్కనే కొత్త సున్నపు పూత. ఆ ముసురులో ఒక చెయ్యి సిమెంటుమీద, ఇంకో చెయ్యి సున్నంమీద పెట్టి చూడమన్నాను. ఒకటి చెమటపట్టిన నుదురులా తడిగా ఉంది, రెండోది పొడిగా ఉంది. పదేళ్ల పిల్లవాడికి కూడా ఇంకేమీ వివరించనక్కర్లేకపోయింది.

పెరట్లో బావి ఉంది. ఒరమీది రాతికి తాడు ఒరుసుకుని పడిన గాట్లు ఉన్నాయి, కొన్ని బొటనవేలు పట్టేంత లోతు. రెండిళ్ల అవతల ఉండే ఒక పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి, కోడలి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా బావి దగ్గరికి నడిచింది. వీధి కుళాయి ఎండిపోయిన వేసవుల్లో తెల్లవారుజామున ఇక్కడికే నీళ్లకు వచ్చేదట. మా నాయనమ్మ ఎప్పుడూ కాదనలేదట. ఆమె గాట్లన్నీ తడిమి, దక్షిణం వైపు అంచున ఒకచోట వేలు ఆనించి, “నేను నిలబడేది ఇక్కడ” అంది. చుట్టూ ఉన్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆ గాటులో వేలు పెట్టారు. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి అంతవరకు తెలియదు. బిల్డరు గీసిన బొమ్మలో ఆ బావి ఉన్నచోట లిఫ్టు గుంత ఉంది.

మీకున్న ఇబ్బందులు నాకు తెలియనివి కావు. అన్నిటికంటే పెద్ద చిక్కు వాటాలది. ఒక ఇంటికి ఎనిమిది మంది వారసులు, ఎనిమిది ఊళ్లలో. అమ్మితే తప్ప పంపకం తేలదు. కొందరు అమ్మడం ఇష్టం లేక, ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువా మధ్యలో గోడ కట్టి పంచుకున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మండువాలో పడిన వాన నీరు వాలుగా పారి తూములోంచి వీధిలోకి పోయేలా మన పెద్దలు కట్టారు. మధ్యలో గోడ లేస్తే ఒక వాటా నీళ్లు రెండో వాటా పునాదిలోకి దిగుతాయి, వెలుతురు ఇద్దరికీ పోతుంది. మేం నలుగురం ఇంటిని ముక్కలు చేయకుండా ఉమ్మడిగా ఉంచుకుని, ఖర్చుకూ రాబడికీ వాటాలు రాసుకుని రిజిస్టరు చేయించుకున్నాం. వీధివైపు రెండు గదులు అద్దెకిచ్చాం. ఆ అద్దె ఏటా సున్నానికి, చిన్న మరమ్మతులకు సరిపోతోంది. మా తమ్ముడు మొదట ఒప్పుకోలేదు, ఆరు నెలలు మాటలు కూడా లేవు. ఇప్పుడు సంక్రాంతికి పిల్లలతో ఇక్కడికే వస్తున్నాడు.

ఖర్చు సంగతీ దాచను. మూడేళ్లలో మేం పెట్టినది ఇదే ఊళ్లో ఒక కొత్త డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ధరలో సగానికి తక్కువే. లాడ్జి కట్టి ఉంటే వచ్చే డబ్బుతో దీన్ని పోల్చలేం, నిజమే. అప్పులున్నవారికి, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవారికి ఇల్లు నిలబెట్టుకోండని చెప్పే హక్కు నాకు లేదు. ఆ అవసరం లేకుండానే, ఎవరో కారుతోందన్నారని, పక్కవాళ్లు కట్టారని కూలుస్తున్నవారితోనే నా మాట. లాడ్జీలు లేని రోజుల్లో కాలినడకన కొండకు వచ్చిన యాత్రికులు పడుకున్నది మన అరుగులమీదే. నా చిన్నప్పుడు తెల్లవారి తలుపు తీస్తే అరుగుమీద గుండ్లతో నిద్రపోతున్న కుటుంబాలు కనిపించేవి. నాయనమ్మ వాళ్లను లేపకుండా పక్కనుంచి దిగి ముగ్గు వేసేది.

రామానుజాచార్యులు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, గుడి చుట్టూ ఈ ఊరు పెరగడానికి దారి వేశారని మనం గొప్పగా చెప్పుకుంటాం. గుడి ఉంది, గోపురం ఉంది. గుడి చుట్టూ మనుషులు ఎలా బతికారో చూపించే ఇళ్లు ఇంకో ఇరవై ఏళ్లకు ఎన్ని మిగులుతాయి? కొండమీద 1464లో సాళువ మల్లయ్య కట్టించిన వేయికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. అంతటి కట్టడాన్నే మనం నిలుపుకోలేకపోయాం. మాడవీధుల విస్తరణలో అక్కడి పాత ఇళ్లూ పోయాయి. మండపానికి కనీసం శాసనం ఉంది, ఫోటోలు ఉన్నాయి, ఏళ్ల తరబడి దాని గురించి మాట్లాడుకున్నారు. మన ఇళ్లు పోతే రాసుకునేవారు కూడా ఉండరు.

అహ్మదాబాద్‌లో 1997 నవంబరు 19న అక్కడి నగరపాలక సంస్థ పాత ఊరిలో వారసత్వ నడక మొదలుపెట్టింది. కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర బయలుదేరి, ఇరుకు సందుల్లోని చెక్క ఇళ్ల మధ్యగా నడిచి, జామా మసీదు దగ్గర ముగుస్తుంది. వాళ్లు చూపించింది జనం కాపురాలు చేస్తున్న మామూలు ఇళ్లనే. ఇరవై ఏళ్లకు, 2017లో, ఆ పాత నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం అదే. మనకు బిరుదులు రాకపోయినా పరవాలేదు. రోజూ వేలమంది నడిచే ఊరు మనది. వారిలో కొందరు గోవిందరాజస్వామిని దర్శించుకుని, ఒక గంట మన సందుల్లోకీ వచ్చి, ఒక మండువాలో నిలబడి ఆకాశం చూసి వెళితే ఈ ఇళ్లకూ ఒక విలువ ఉందని ముందు మన పిల్లలకు తెలుస్తుంది.

ఈ ఉత్తరం నగరాన్ని పాలించే పెద్దల కంట పడితే వారికి కూడా రెండు మాటలు. మా అరుగు ఎక్కడానికి నా చిన్నప్పుడు మూడు మెట్లు ఉండేవి. ఇప్పుడు ఒక్కటే ఉంది. మిగిలిన రెండూ రోడ్డు కింద ఉన్నాయి. పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే కొత్త రోడ్డు పోస్తూ పోతే వీధి పైకి లేచి, వాన నీరు గడప దాటి లోపలికి వస్తుంది. పాత వీధుల్లో కొత్త పొర వేసే ముందు పాత పొరను తీయించండి. ఈ ఒక్క పనితో ఎన్నో గోడలు ఆరతాయి. రోడ్డు విస్తరణకు స్థలం వదిలినవారికి టీడీఆర్ బాండ్లు, అంటే ఆ స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు, ఇస్తున్నారు. నూరేళ్ల ఇంటిని కూల్చకుండా నిలబెట్టుకున్నవారికి కూడా అలాంటి ఆసరా ఏదైనా అందేలా చూడండి. ముందుగా, ఏ వీధిలో ఏ ఇల్లు మిగిలి ఉందో ఒక జాబితా రాయించండి. మనుషులు కావాలంటే నేనూ, నా పాత విద్యార్థులూ పలక, టేపు పట్టుకుని వస్తాం.

మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాను. ఈ ఏడాది నవంబరు 19 నుంచి 25 దాకా ప్రతి సాయంత్రం నాలుగు గంటల నుంచి మా తలుపులు తెరిచి ఉంటాయి. వాన పడుతున్న రోజే రండి, మిద్దె కారుతోందో లేదో మీ కళ్లతోనే చూడవచ్చు. వచ్చేటప్పుడు మీ ఇంట్లో కారుతున్న చోటు, బీట పడిన గోడ ఫోనులో ఫోటో తీసుకురండి. ఆదివారం నాడు మేస్త్రి ఉంటారు, చూసి చెబుతారు. ఇప్పుడు ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకుంటున్నారు. ఇంకా నలుగురికి చోటుంది. చదువు ఆగిపోయి ఖాళీగా ఉన్న పిల్లలు మీ వీధిలో ఉంటే వెంట తీసుకురండి. వాటాదారులు ఊళ్లో లేకపోతే వీడియో కాల్‌లో చూపించండి, నేను పట్టుకుని తిప్పుతాను.

పోయిన నెల పెరట్లో మళ్లీ గుంత నింపించాను. మా ఇంటికి ఈ ఏడాది అంత సున్నం అక్కర్లేదు. నవంబరు నాటికి అది బాగా నాని ఉంటుంది. చిన్న మరమ్మతుకు కావలసినవారు మూత ఉన్న బకెట్టు తెచ్చుకుని ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లండి.

ఇట్లు,
మీ వీధి లెక్కల టీచరు